స్పోడోప్టెరా జాతుల్ని పోల్చుకోవడానికి ఏది మేలు: లద్దె గుర్తులా, జననాంగాలా, డీఎన్‌ఏనా?

పంటల్ని తినే లద్దె పురుగుల ఈ ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) ఫ్రెంచ్ కీటక శాస్త్రవేత్త గెనె 1852లో పేరు పెట్టాడు. గ్రీకులో స్పోడోస్ అంటే బూడిద, టెరాన్ అంటే రెక్క. చిక్కంతా ఆ పేరులోనే ఉంది. దాదాపు 30 జాతుల్లో చాలావాటి ముందు రెక్కలు బూడిద, గోధుమ రంగుల కలగలుపే. పైగా పాత పుస్తకాల్లో పొగాకు లద్దె పురుగు ప్రొడేనియా లిటురాగా, పచ్చ రబ్బరు పురుగు లాఫిగ్మా ఎగ్జిగ్వాగా కనిపిస్తాయి. ఆ రెండు ప్రజాతులూ ఇప్పుడు స్పోడోప్టెరాలో కలిసిపోయాయి కాబట్టి పాత రికార్డుల్ని మూడు పేర్లతోనూ వెతకాలి.

ఒకప్పుడు పురుగు దొరికిన చోటే సగం జవాబు చెప్పేది. లిట్టొరాలిస్ అనే జాతి ఆఫ్రికా, మధ్యధరా తీరం, పశ్చిమాసియాలది. లిటురా దక్షిణాసియా నుంచి ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల దాకా ఉంది. ఫ్రుజిపెర్డా, అంటే మన కత్తెర పురుగు, అమెరికా ఖండాలు దాటలేదు. అది 2016లో ఆఫ్రికాలో, 2018లో కర్ణాటక మొక్కజొన్నలో, 2020లో ఆస్ట్రేలియాలో బయటపడ్డాక ఊరి పేరు చూసి జాతి పేరు రాసే వీలు పోయింది.

పొలంలో నిలబడి తేల్చాలంటే లద్దెను మించింది లేదు. మొక్కజొన్న సుడి విప్పి, బాగా ఎదిగిన లద్దెను తోక వైపు నుంచి చూడండి. ఎనిమిదో ఉదర ఖండం మీద నాలుగు నల్ల చుక్కలు చతురస్రంలా ఉంటే కత్తెర పురుగే. చాలామంది తల మీది తిరగేసిన వై గుర్తునే నమ్ముతారు. అది తప్పు, మసకగానైనా ఆ గుర్తు లిటురాలోనూ కనిపిస్తుంది. లిటురాకు మొదటి ఉదర ఖండానికి రెండు పక్కలా నల్ల మచ్చ చూడాలి. అయితే గుడ్డు నుంచి వచ్చిన కొత్తలో ఈ గుర్తులు తేలవు. లిటురా, లిట్టొరాలిస్ లద్దెల్ని మాత్రం కంటితో విడదీయలేం.

లింగాకర్షక బుట్టల్లో, అంటే ఆడ పురుగు వాసనను ఎరగా పెట్టి మగవాటిని రప్పించే బుట్టల్లో, పడ్డ రెక్కల పురుగులతో ఇబ్బంది వేరు. మగ కత్తెర పురుగు రెక్క కొసన తెల్లని త్రికోణం ఉంటుంది, కానీ వారం పాటు బుట్టలో కొట్టుకున్నాక పొలుసులు రాలి అది చెరిగిపోతుంది. పైగా ఆ ఎరకు ఇతర ప్రజాతుల పురుగులూ వస్తాయి, వాటినీ కలిపి లెక్కేస్తే ఉధృతి లేనిపోనంత కనిపిస్తుంది. రెండు మూడు రోజులకోసారి బుట్ట ఖాళీ చేయాలి.

రెక్క చెడ్డా పొట్ట చెడదు. అందుకే రెక్కల పురుగు విషయంలో జననాంగ పరీక్షకే మా ఓటు. ఉదరాన్ని విడదీసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఒక రాత్రి గది వేడిమిలో నాననివ్వాలి. తొందరపడి ఎక్కువసేపు మరిగిస్తే గట్టి పలకలు కూడా మెత్తబడి ఆకారం పోతుంది. నీళ్లలో కడిగి, సన్న కుంచెతో పొలుసులు, కొవ్వు తుడిచి చూడాలి. ఆడదానిలో ఆస్టియం (జననాంగ ద్వారం), దాని వెనకున్న నాళం ఒకే పొడవుంటే లిట్టొరాలిస్, తేడా ఉంటే లిటురా. మగదానిలో జక్స్టా అనే పలక ఆకారమే రెంటినీ వేరు చేస్తుంది.

గుడ్లు, పసి లద్దెలు, నలిగిన ముక్కలు చేతికొస్తే డీఎన్‌ఏ తప్ప దారి లేదు. కణంలోని మైటోకాండ్రియాలో ఉండే సీఓఐ జన్యువులోని 658 డీఎన్‌ఏ అక్షరాల ముక్క జాతిని చెబుతుంది. కత్తెర పురుగులోనే మొక్కజొన్న రకం, వరి రకం అని పిలిచే రెండు తెగల్ని తేల్చడానికి మాత్రం అదొక్కటే చాలదు. అది తల్లి నుంచే వస్తుంది కనుక సంకరాల్లో తండ్రి వైపు సంగతి చూపదు. ఆఫ్రికా, ఆసియా నమూనాల్లో సీఓఐ వరి రకమని, తండ్రి నుంచి కూడా వచ్చే టీపీఐ జన్యువు మొక్కజొన్న రకమని చెప్పడం మామూలే.

కాబట్టి కొత్త చోట దొరికిన పురుగుకు రెండు పరీక్షలూ ఉండాలి. పొట్టను పొటాషియం ద్రావణంలో వేయకముందే ఒక కాలు తుంచి 95 శాతం ఆల్కహాల్‌లో దాచి, కాలున్న సీసాకూ జననాంగాలున్న స్లైడుకూ ఒకే నంబరు వేయండి.