విజయనగరంలో చరిత్ర ప్రసంగాలు: శాసనాల రోజు తప్పకుండా వెళ్లండి

ఊళ్లో ఓ చరిత్ర సంఘం నెలకోసారి పెట్టే ప్రసంగాల్లో ఏది బాగుంటుందన్నది వక్తను బట్టే. ఆధారం ముందు పెట్టి మాట్లాడే వక్త అయితే రెండు గంటలైనా కదలబుద్ధి కాదు.

శాసనాల ప్రసంగానికి మంచి మార్కులు వేయాలి. రాతి మీది శాసనాన్ని కాగితం మీదికి అచ్చు తీయడం చేసి చూపించారు, అదీ అక్షరాలు చెక్కించి తెచ్చిన నాపరాయి మీద. (రక్షిత కట్టడాల మీద పురావస్తు శాఖ అనుమతి లేకుండా చేయకూడదని ముందే చెప్పారు.) రాయిని బ్రష్షుతో కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టాలి. తడి కాస్త ఆరాక సిరా అద్దితే అక్షరాలు తెల్లగా మిగులుతాయి. తొందరపడి అద్దితే సిరా గుంటల్లోకి పాకి అక్షరం పోతుంది, మరీ ఆరనిస్తే కాగితం లేచిపోతుంది.

తేదీల లెక్క ఇంకా బాగా చెప్పారు. శాసనంలోని శక సంవత్సరానికి 78 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం వచ్చేస్తుందని చాలామంది వదిలేస్తారు. గంగ వంశపు రాజు అనంతవర్మ చోడగంగ పట్టాభిషేకం శక 999. 78 కలిపితే 1077 వస్తుంది, అది తప్పు. శక సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది. పట్టాభిషేకం కుంభమాసంలో, అంటే ఏడాది చివర్లో. ఇంగ్లిష్ సంవత్సరం అప్పటికే మారిపోయింది కాబట్టి 79 కలపాలి: 1078 ఫిబ్రవరి. గంగ రాజుల రాగిరేకుల్లో వాళ్ల సొంత లెక్క, గంగ శకం, ఉంటే పేచీ ఇంకా ఎక్కువ. ఆ శకం మొదలు సుమారు క్రీ.శ. 498 అంటారు గానీ ఏడాది, రెండేళ్లు అటూ ఇటూ వాదన ఉంది.

బొబ్బిలి యుద్ధం (1757 జనవరి 24) ప్రసంగం మాత్రం నిరాశే. బుర్రకథలో ఉన్నదేదో, నాటి ఇంగ్లిష్, ఫ్రెంచి రాతల్లో ఉన్నదేదో విడదీయకుండా కలిపేశారు. అదే వక్త పద్మనాభం యుద్ధం (1794 జులై 10) గురించి పద్ధతిగా చెప్పారు: ఈస్టిండియా కంపెనీ విజయనగరం రాజావారిని మచిలీపట్నం వెళ్లమనడం, ఆయన పద్మనాభంలో మకాం వేయడం, ఒకదాని వెనక ఒకటి.

శ్రీకాకుళం జిల్లాలోని బౌద్ధ క్షేత్రం శాలిహుండం మీద ప్రసంగంలో స్లయిడ్లు బాగున్నా, 1919లో ఆ చోటు గిడుగు రామమూర్తి కంటపడిందన్న సంగతి హడావుడిగా దాటేశారు.

కిటికీల వెలుతురుకి తెర మీద అక్షరాలు కనబడవు, ఎడమ పక్క వరసల్లో కూర్చోండి. మైకు వెనకదాకా వినబడదు. ప్రశ్నలు చీటీ మీద రాసివ్వాలి, శాసనం సంఖ్యతో అడిగితే జవాబు సూటిగా వస్తుంది. చంటిపిల్లలతో అచ్చు రోజు వెళ్లకండి, సిరా ఓ పట్టాన వదలదు.