మొక్కజొన్నకు తేమ మీటరు కొంటున్నారా? ముందు దాని స్టిక్కరు గోకి చూడండి

రాయగడలో తేమ మీటర్లు అమ్మే ఆ కొట్టు ఏదో మన గుణుపురం వైపు రైతులకు వేరే చెప్పాలా! నిన్ననే పార్వతీపురం నుంచి పంటతో సహా వెనక్కి వచ్చాను. కడుపు మండిపోయి రాస్తున్నాను.

మీటరుకు 3,800 రూపాయలు పోశాను. చేలో కంకి ఒలిచి గింజలు పెడితే 14 చూపించింది. కొనుగోలుకు కావలసిందీ 14 శాతమే కదా, ఇక ఆలస్యం ఎందుకని కోత యంత్రాన్ని పిలిచాను. ఆరబెట్టే కూలి మిగిలిందని సంబరపడుతూ బస్తాలకెత్తి, లారీ కోసం మూడు రోజులు ఉంచాను. పార్వతీపురంలో వ్యాపారి బస్తాలో చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. లోపలంతా వేడి, ముక్కిన వాసన. ఆయన మీటరులో 21! అంటే వంద క్వింటాళ్లలో ఉండాల్సినదానికన్నా ఎనిమిది క్వింటాళ్ల నీళ్లు ఎక్కువ మోసుకెళ్లానన్నమాట. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,400 అని వేసుకున్న లెక్కలన్నీ అక్కడే ఆగిపోయాయి. ఆయన ఇస్తానన్న ధర ఇంట్లో కూడా చెప్పలేదు.

నేరుగా కొట్టుకు వెళ్లాను. యజమాని అవే గింజలు పెట్టి, "చూడండి, 15. తేమ మీ గింజలో ఉంది, మా మీటరులో లేదు" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. మీటరు మీద 'మొక్కజొన్న' అని అంటించిన స్టిక్కరు అంచు లేచి ఉంది. గోరుతో లాగాను. కింద 'గోధుమ' అని ఉంది, అంటే నా మొక్కజొన్న తేమను గోధుమ లెక్కన చూపిస్తోందన్నమాట. ఆ మనిషి ముఖంలో ఏ మార్పూ లేదు. "అన్నీ గింజలే కదండీ" అన్నాడు, టీ గ్లాసు కింద పెట్టకుండానే.

మా నాన్న గింజ కొరికి చూసి కోత చెప్పేవారు. నేను చదువుకున్నవాణ్ణి కదా, అంకె కనిపిస్తే చాలు! గింజ మొన దగ్గర నల్ల చార చూశాను, కాదనను. అది కనబడితే గింజ నిండడం పూర్తయినట్టే. కానీ అప్పటికి తేమ ఇంకా 30 శాతం పైమాటే. ఆ తర్వాత చేను నిలబెట్టినా దిగుబడి పెరగదు, తేమ తగ్గుతుందంతే. తుఫాను వస్తుందేమోనన్న భయంతో తొందరపడ్డాను. చినుకు పడలేదు. ఇంకో పది రోజులు ఆగి ఉంటే ఆ ఎండే పైసా ఖర్చు లేకుండా ఆరబెట్టేది.

కొనేవాళ్లు కనీసం అవే గింజలను వ్యాపారి మీటరులోనూ పెట్టి పోల్చుకోండి. బిల్లు తీసుకోండి. నాకు ఇచ్చింది చీటీ ముక్క, దాని మీద కొట్టు పేరు కూడా లేదు.