ఏరోజెలా, థర్మోకోలా: వేడిని ఆపడానికి ఏది మేలు?

కింద బర్నర్ మంట, దాని మీద ఏరోజెల్ (జెల్‌లోని ద్రవం పోయి, ఆ చోట గాలి మిగిలిన తేలికైన పదార్థం) పలక, ఆ పలక మీద వాడిపోని పువ్వు. ఆ ఫొటో చూస్తే, మే నెలలో పెనంలా కాలే మన డాబా మీద కూడా ఇదే పరిస్తే పోలా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. లెక్క వేశాక మనసు మార్చుకున్నాను.

ఏరోజెల్‌ను 1931లో లోకానికి చూపించింది అమెరికా శాస్త్రవేత్త శామ్యూల్ కిస్లర్. జెల్‌ను మామూలుగా ఆరబెడితే ముడుచుకుని పగిలిపోతుంది. ఆయన వేడి, ఒత్తిడి పెంచి, లోపలి ద్రవానికీ ఆవిరికీ తేడా లేని స్థితికి తెచ్చి దాన్ని బయటికి వదిలాడు. జెల్‌లోని సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) అల్లిక చెదరకుండా నిలిచింది. బాగా తేలికైన రకాల్లో 99 శాతానికి పైగా గాలే.

అసలు విశేషం ఆ అల్లికలోని ఖాళీల సైజులో ఉంది. గాలి అణువు ఇంకో అణువును ఢీకొనేలోపు సుమారు 70 నానోమీటర్లు (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) వెళ్తుంది. ఏరోజెల్‌లో ఖాళీలు చాలావరకు అంతకన్నా చిన్నవి. అణువులు ఒకదానికొకటి వేడి అందించుకోకముందే గోడకు తగులుతాయి. ఒక వస్తువు వేడిని ఎంత దాటనిస్తుందో చెప్పే అంకె ఉష్ణవాహకత; అది ఎంత తక్కువైతే అంత మేలు. కదలని గాలిది 0.026 అయితే, సిలికా ఏరోజెల్‌ది 0.015 దగ్గర ఉంటుంది. గాలితో నిండిన వస్తువు గాలికన్నా బాగా వేడిని ఆపడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

థర్మోకోల్‌ది 0.035 చుట్టుపక్కల, పఫ్ (పాలీయురేథేన్ ఫోమ్)ది 0.025. అంటే రెండంగుళాల థర్మోకోల్ చేసే పనికి అంగుళం ఏరోజెల్ చాలు. కానీ డాబా మీద అంగుళం మిగిల్చుకుని ఏం చేస్తాం? ధర చూస్తే ఏరోజెల్‌ది ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంటికి థర్మోకోలో, పఫ్పో వేసుకోవడమే మేలు.

ఫ్యాక్టరీలో ఆవిరి పైపు సంగతి వేరు. 100 డిగ్రీల లోపే థర్మోకోల్ మెత్తబడిపోతుంది. గ్లాస్ వుల్ (దూదిలా ఉండే గాజు నార) వేడికి ఆగుతుంది, కానీ తడిస్తే పనితనం పోతుంది. ఏరోజెల్ విడిగా పెళుసు కాబట్టి నారతో కలిపి దుప్పటిలా చేస్తారు. అలాంటి కొన్ని దుప్పట్లు 650 డిగ్రీల దాకా తట్టుకుంటాయి, నీళ్లను పీల్చవు. అక్కడ ఏరోజెల్‌కే నా ఓటు. 1997లో అంగారకుడి మీద దిగిన సోజర్నర్ రోవర్‌కీ దీన్నే వాడారు. అక్కడ ప్రతి గ్రాము బరువూ లెక్కే.

డాబాకు థర్మోకోల్ వేయిస్తే మాత్రం పైన కాంక్రీటో, టైల్సో తప్పకుండా వేయించండి. అంటుకుంటే నల్లటి పొగతో మండుతుంది, ఎండ నేరుగా తగిలితే పొడిగా రాలిపోతుంది.