బ్యాకప్ సరే, రీస్టోర్ సంగతేంది?

మా ఫొటో స్టూడియో కంప్యూటర్లో ఉన్నదంతా రోజూ ఇంకో డ్రైవ్‌లోకి కాపీ తీసే ఈ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మీద నా కోపమంతా ఒక్క పచ్చ టిక్కు మీదే. రోజూ రాత్రి స్టూడియో షట్టర్ దించే వేళకి 'బ్యాకప్ సక్సెస్‌ఫుల్' అని మూలన కనపడేది. ధర, స్పీడు, స్క్రీన్లు అందరికీ తెలిసినవే, వదిలేస్తా.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకి నెల్లూరంతా తడిసి ముద్దయింది. కరెంటు పోతా వస్తా మా ఎడిటింగ్ సిస్టమ్ హార్డ్‌డిస్క్‌ని చంపేసింది. నేనేం కంగారు పడలా, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో అంతా ఉందిగా! కొత్త డిస్క్ బిగించి, రికవరీ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే బ్యాకప్ తేదీల జాబితా వచ్చింది. రీస్టోర్ చేద్దామని, అంటే ఆ కాపీని మళ్లీ సిస్టమ్‌లోకి దించుదామని, చివరి తేదీ నొక్కా. సగం దాకా పోయి ఎర్రక్షరాలు: ఫైల్ పాడైందంట. దాని ముందుదీ అంతే, ఆ ముందుదీ అంతే. వెనక్కి పోంగా పోంగా నవంబరు మొదట్లో ఒక తేదీ దగ్గర పని చేసింది.

సర్వీసు కుర్రాడొచ్చి చూశాడు. "ఇది ఇంక్రిమెంటల్ అన్నా. ఒకసారి ఫుల్ కాపీ తీసి, ఆ తర్వాత రోజూ మారిన ముక్కలే దాస్తది. నడుమ ఒక్క ముక్క చెడితే దాని తర్వాతవన్నీ దండగ."

ఆ ముక్క చెడిన రాత్రి కూడా పచ్చ టిక్కే! రాసినదాన్ని తిరిగి చదివి సరిచూసే 'వెరిఫై' సెట్టింగుల అడుగున ఎక్కడో ఉంది, అదీ ఆఫ్‌లో. ఆన్ చేస్తే బ్యాకప్‌కి బాగా టైము పడుతుంది. స్పీడు తగ్గితే ఎవరూ కొనరనేమో, వాళ్లు ఆఫ్ చేసే ఇస్తున్నారు.

కార్తీకం పెళ్లిళ్ల మెమరీ కార్డులు అలాగే ఉన్నాయి గనక ఫొటోలు దక్కాయి. పోయింది ఎడిటింగ్. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో మేం మార్చిన రంగులు, క్రాపులు మామూలుగా ఫొటోల్లో ఉండవు, క్యాటలాగ్ ఫైల్‌లో ఉంటాయి. అదేమో పాతదే దొరికింది. ఆల్బమ్ ఎప్పుడిస్తారని కావలి పెళ్లివాళ్లు ఫోన్ మీద ఫోన్. మళ్లీ మొదట్నుంచీ కూర్చున్నాం.

పని చేసిన ఆ ఒక్క తేదీ నుంచి మాత్రం విండోస్, అను ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లతో సహా ఉన్నదున్నట్టు దిగింది. ఇదివరకు నలుగురికీ దీన్నే చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఎవరన్నా అడిగితే "సిస్టమ్ వరకైతే కొనుక్కో" అంటున్నా.

వెరిఫై ఆన్ చేసి, డిఫరెన్షియల్‌కి మార్చా, అంటే ఫుల్ కాపీ తర్వాత మారిందంతా ప్రతిసారీ కలిపి దాచే పద్ధతికి. చోటు ఎక్కువ తింటుంది గానీ ఒక్కో ముక్క ఫుల్ కాపీ మీదే ఆధారపడుతుంది, పక్క ముక్కతో పని లేదు. ఫుల్ కాపీయే చెడితే మళ్లీ అంతా పాయె, అందుకని ఫొటోలూ క్యాటలాగూ మామూలు కాపీగా ఇంకో డ్రైవ్‌లో వేసి ఇంట్లో పెడుతున్నా. మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజీ, ఒకటి వేరే చోట. ఈ 3-2-1 లెక్కని జనంలోకి తెచ్చిన పీటర్ క్రోగ్ కూడా ఫొటోగ్రాఫరేలెండి, మా బాధ తెలిసినోడు.

ఇంత చెప్పి మళ్లీ రెన్యువల్ కట్టా. నాకు టెరాబైట్ల లెక్కన ఫొటోలుంటాయి, రాత్రికి సిస్టమ్ వదిలేసి పోగలను. లెక్కలు రాసుకునే టాలీ ఒక్కటే నడిపే కొట్టువాళ్లకి ఇది దండగ ఖర్చే కావచ్చు. కొనేవాళ్లు ట్రయల్‌లో ఉండగానే ఏదన్నా పాత డిస్క్‌లోకి రీస్టోర్ చేసి, నాలుగు ఫైళ్లు తెరిచి చూసుకోండి. ట్రయల్‌లో రీస్టోర్‌కి తాళమేసి ఉంటే నేనైతే డబ్బు కట్టను.