మెకానికల్ కీబోర్డా, మెంబ్రేనా?

విశాఖలో ద్వారకానగర్ షాపులకెళ్తే మొదట చేతికిచ్చేది మెంబ్రేన్ కీబోర్డే. చవక, చప్పుడు తక్కువ. అప్పుడప్పుడు బిల్లులు కొట్టడానికి అది చాలు.

రోజంతా టైప్ చేసేవాళ్లకు మాత్రం నేను మెకానికలే తీసుకోమంటాను. మెంబ్రేన్‌లో పల్చటి ప్లాస్టిక్ పొరల మీద రబ్బరు బుడిపెలుంటాయి. దాదాపు అడుగుదాకా నొక్కితేనే అక్షరం పడుతుంది. మెకానికల్‌లో ప్రతి మీటకూ సొంత స్విచ్, స్ప్రింగ్. ఉదాహరణకు చెర్రీ కంపెనీ ఎంఎక్స్ రెడ్ రకం స్విచ్ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, కానీ 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం పడిపోతుంది. ఆ తేడా సాయంత్రానికి వేళ్లకు తెలుస్తుంది. అదే కంపెనీ బ్లూ రకం స్విచ్ మాత్రం టకటకలాడుతుంది. పిల్లలు పడుకునే గదిలో అసలు వద్దు.

బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పుగాలి దేన్నీ వదలదు. అందుకే హాట్‌స్వాప్ ఉన్న మెకానికల్ చూడండి: పాడైన ఒక్క స్విచ్ పీకి, టంకం లేకుండానే కొత్తది పెట్టుకోవచ్చు. మెంబ్రేన్‌లో పొర దెబ్బతింటే సాధారణంగా బోర్డు మొత్తం మార్చాల్సిందే. ధర ఎక్కువే, నిజమే. అయినా రాతకోతలే బతుకుతెరువైన వాళ్లు అక్కడ పిసినారితనం చూపొద్దు.