ఇంగ్లాండ్ జిల్లా కౌన్సిల్ ఎన్నికల ఫలితాల పేజీలు: హైదరాబాద్ నుంచి చూసేవారి కోసం ఒక సమీక్ష

చదువుకో ఉద్యోగానికో ఇంగ్లాండ్ వెళ్లిన మన పిల్లలు బ్రిటిష్ పౌరసత్వం తీసుకోకపోయినా, చెల్లుబాటయ్యే వీసాతో అక్కడ నివసిస్తూ ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేసుకుంటే, కామన్వెల్త్ పౌరులుగా స్థానిక ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. 2023 నుంచి అక్కడి పోలింగ్ కేంద్రాల్లో ఫొటో గుర్తింపు చూపడం తప్పనిసరి అయింది. అందుకు భారత పాస్‌పోర్టు సరిపోతుంది. కాబట్టి మియాపూర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉన్న తల్లిదండ్రులు "మీ వార్డులో ఎవరు గెలిచారు?" అని ఫోన్‌లో అడగడంలో వింతేమీ లేదు. ఆ ప్రశ్నకు అధికారికంగా జవాబిచ్చేవి జిల్లా కౌన్సిళ్లు తమ వెబ్‌సైట్లలో పెట్టే ఫలితాల పేజీలు. ఒక ప్రజా సేవగా అవి ఎంతవరకు పనికొస్తాయో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

పేరు విని మన జిల్లా పరిషత్తును ఊహించుకోకూడదు. రెండంచెల పాలన ఉన్న ప్రాంతాల్లో పాఠశాలలు, రోడ్లు, వృద్ధుల సంరక్షణ కౌంటీ కౌన్సిల్ చూసుకుంటే, చెత్త సేకరణ, ఇళ్ల నిర్మాణ అనుమతులు, గృహవసతి, కౌన్సిల్ పన్ను వసూలు వంటి పనులు జిల్లా కౌన్సిల్ చేతిలో ఉంటాయి. సఫోక్ కౌంటీలోని మిడ్ సఫోక్ జిల్లాలో జనాభా లక్షకు కొంచెం ఎక్కువ, కౌన్సిలర్లు 34 మంది. మన గ్రేటర్ హైదరాబాద్‌లో 2020 ఎన్నికల నాటికి ఒక్కో డివిజన్‌లో సగటున యాభై వేల మంది ఓటర్లు ఉన్నారంటే, అక్కడి వార్డు ఎంత చిన్నదో అర్థమవుతుంది. అంత చిన్న వార్డుకు కూడా విడిగా ఒక ఫలితాల పేజీ ఉంటుంది. ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చినది అదే.

ఆ పేజీలో సాధారణంగా అభ్యర్థి పేరు, పార్టీ, వచ్చిన ఓట్లు, ఎన్నికయ్యారో లేదో చెప్పే గడి ఉంటాయి. దాని కింద వార్డులోని మొత్తం ఓటర్ల సంఖ్య, ఇచ్చిన బ్యాలెట్ పత్రాలు, పోలింగ్ శాతం, తిరస్కరించిన పత్రాలు కనిపిస్తాయి. తిరస్కరణకు కారణాలను కూడా చట్టం చెప్పిన వరుసలో విడివిడిగా లెక్కచూపుతారు: అధికారిక గుర్తు లేనివి, అనుమతించిన సంఖ్య కంటే ఎక్కువ మందికి ఓటు వేసినవి, ఓటరు ఎవరో తెలిసిపోయేలా రాతగానీ గుర్తుగానీ ఉన్నవి, ఖాళీగా ఉన్నవి లేదా ఉద్దేశం తేలనివి. అక్కడ నోటా లేదు గనుక, ఎవరూ నచ్చక ఖాళీ పత్రం వేసి వచ్చినవారు ఎందరో అంచనా వేయడానికి ఈ చివరి వరుస ఒక్కటే ఆధారం. ఇంత ఓపికగా రాసిన పద్దు చూసినప్పుడు, గెలిచినవారి ఫొటోలతో నిండిపోయే మన ఫలితాల కథనాల మీద కొంచెం విసుగు కలిగిన మాట నిజం.

తిరస్కరణ లెక్క ఎందుకు ముఖ్యమో హైదరాబాద్ వారికి విడమరచి చెప్పనక్కరలేదు. కోవిడ్ కారణంగా 2020 డిసెంబర్ 1న గ్రేటర్ ఎన్నికలను బ్యాలెట్ పత్రాలతో జరిపినప్పుడు, స్వస్తిక్ ముద్ర కాకుండా వేరే ముద్ర పడిన ఓట్లు చెల్లుతాయా అన్న వివాదం హైకోర్టుకు వెళ్లింది, నేరేడ్‌మెట్ డివిజన్ ఫలితం కొన్ని రోజులు ఆగిపోయింది. ఇంగ్లాండ్‌లో ఓటరు పెన్సిల్‌తో గడిలో గుణకార గుర్తు పెట్టాలన్నది సూచన. అయితే టిక్కు పెట్టినా, గుర్తు గడి దాటినా, ఎవరికి వేయదలచుకున్నారో స్పష్టంగా తెలిస్తే రిటర్నింగ్ అధికారి దానిని చెల్లే ఓటుగానే లెక్కించాలి. వార్డు పేజీలోని చిన్న అంకె వెనుక ఈ నిర్ణయాలన్నీ ఉంటాయి. ఒక లోపం మాత్రం చెప్పాలి: గుర్తింపు కార్డు లేక వెనుదిరిగినవారి లెక్క ఈ పద్దులో చేరదు. 2023 మే ఎన్నికల్లో అలా ఓటు వేయలేకపోయినవారు సుమారు 14,000 మంది అని ఎలక్టోరల్ కమిషన్ తరువాత విడిగా ప్రకటించింది; వార్డు పేజీ మాత్రమే చూసేవారికి వారి ఊసే తెలియదు.

కొత్తవారిని ఎక్కువగా తికమక పెట్టేది శాతాల గడి. అనేక వార్డుల్లో ఇద్దరు లేదా ముగ్గురు కౌన్సిలర్లు ఉంటారు, ఎన్ని స్థానాలకు పోలింగ్ జరిగితే ఓటరుకు అన్ని ఓట్లు ఉంటాయి. మూడు స్థానాల వార్డులో 2,000 మంది వచ్చి మూడేసి ఓట్లు వాడుకుంటే మొత్తం ఓట్లు 6,000 అవుతాయి. వారిలో సగం మంది, అంటే 1,000 మంది, ఒక అభ్యర్థిని ఎంచుకున్నా, మొత్తం ఓట్ల మీద లెక్కకట్టే పేజీలో ఆ అభ్యర్థి పేరు పక్కన సుమారు 17 శాతమే కనిపిస్తుంది. పైగా చాలామంది తమ ఓట్లన్నీ వాడుకోరు కాబట్టి, పత్రాల సంఖ్యను మూడుతో గుణించి సరిచూడాలనుకున్నా పొంతన కుదరదు. గడి కింద ఒక్క వాక్యం వివరణ రాస్తే తీరిపోయే చిక్కు ఇది. ఆ వాక్యం రాసిన పేజీలు నా కంట పడినవి అరుదు.

మన ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో రౌండ్ల వారీగా ఆధిక్యాలు చూస్తూ కూర్చునే అలవాటు ఉన్నవారు ఇక్కడ నిరాశపడతారు. ఇంగ్లాండ్‌లో ఆధిక్యం అన్న గడి లేదు. ముందు పెట్టెల్లోని పత్రాల సంఖ్యను సరిచూస్తారు, ఆ తరువాత లెక్కిస్తారు, లెక్క పూర్తయ్యాకే వార్డు ఫలితాన్ని ప్రకటిస్తారు. పోలింగ్ గురువారం రాత్రి పదింటికి ముగుస్తుంది, మనకు అది శుక్రవారం తెల్లవారుజామున రెండున్నర. కొన్ని కౌన్సిళ్లు రాత్రికి రాత్రే లెక్కిస్తాయి, చాలా జిల్లాలు శుక్రవారం పగలు మొదలుపెడతాయి. కాబట్టి నిద్ర మానుకోవలసిన పని లేదు, శుక్రవారం సాయంత్రం నుంచి చూస్తే చాలు. జిల్లా మొత్తంలో ఏ పార్టీకి ఎన్ని సీట్లు వచ్చాయో, ఎన్ని పెరిగాయో తరిగాయో బీబీసీ పేజీ చకచకా చెబుతుంది. వార్డు ఓట్ల కోసం మళ్లీ కౌన్సిల్ పేజీకే రావాలి.

ఈ కౌన్సిల్ పేజీల్లో ఒకదానికొకటి పోలిక లేకపోవడం నా ప్రధాన ఫిర్యాదు. దేశం మొత్తం స్థానిక ఫలితాలను ఒకే రూపంలో, ఒకే చోట, అదే రోజు చూపే ప్రభుత్వ వెబ్‌సైట్ లేదు. ఏ కౌన్సిల్ దారి దానిది. నేను చూసిన ఒక జిల్లాలో ప్రతి వార్డు ప్రకటన పత్రాన్నీ రిటర్నింగ్ అధికారి సంతకంతో సహా స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెట్టారు. అది సాక్ష్యంగా గొప్పదే, కానీ అందులో పేరు వెతకడానికి వీలులేదు, ఫోన్ తెర మీద అంకెలు ఆనవు. కంటిచూపు లేనివారి కోసం తెర మీది అక్షరాలను చదివి వినిపించే యంత్రానికి అలాంటి బొమ్మలో ఏమీ దొరకదు. ఈ లోటును కొంతవరకు పూడుస్తున్నది డెమోక్రసీ క్లబ్ అనే లాభాపేక్షలేని సంస్థ. స్వచ్ఛంద కార్యకర్తల సాయంతో అభ్యర్థుల వివరాలు సేకరించి, ఎవరైనా వాడుకునేలా ఉచితంగా ఇస్తోంది. ప్రభుత్వం చేయవలసిన పనిని స్వచ్ఛంద కార్యకర్తల మీద వదిలేయడం మెచ్చుకోదగినది కాదని నా అభిప్రాయం.

అంకెలు సరిగానే ఉన్నా, వాటి ఫలితం ఏమిటో పేజీ చెప్పదు. 2023 మే 4 ఎన్నికల్లో మిడ్ సఫోక్‌లో గ్రీన్ పార్టీ 34 స్థానాల్లో 24 గెలుచుకుంది. కన్సర్వేటివ్‌లకు ఆరు, లిబరల్ డెమోక్రాట్లకు నాలుగు దక్కాయి. బ్రిటన్‌లో గ్రీన్ పార్టీ ఒక కౌన్సిల్‌లో పూర్తి మెజారిటీ సాధించడం అదే మొదటిసారి. అదే రోజు, ఆ పార్టీ అంతకుముందు మైనారిటీ పాలన నడిపిన బ్రైటన్‌లో లేబర్ పార్టీ మెజారిటీ తెచ్చుకుంది. అంతటి మార్పును కూడా వార్డుల పట్టికలు చెత్తబుట్టల టెండరు ప్రకటనంత పొడిగా చూపుతాయి. పాఠకుడే కూడుకుని తెలుసుకోవాలి. ఎవరికీ మెజారిటీ రాని చోట ఇబ్బంది మరీ ఎక్కువ. గ్రేటర్ హైదరాబాద్‌లో 150 స్థానాలకు టీఆర్ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44 తెచ్చుకున్నప్పుడు, మేయర్ ఎవరన్నది తేలడానికి 2021 ఫిబ్రవరి దాకా ఆగవలసి వచ్చింది. ఇంగ్లాండ్‌లో ఇంత జాప్యం ఉండదు. సాధారణంగా కొద్ది వారాల్లోనే కౌన్సిల్ వార్షిక సమావేశం జరిగి పాలన ఎవరిదో తేలుతుంది. అయితే ఆ సంగతి ఫలితాల పేజీలో చేరదు, సమావేశాల విభాగంలో ఎక్కడో ఉన్న మినిట్స్‌లో వెతుక్కోవాలి. ఒక లింకు ఇస్తే సరిపోయేది.

మొత్తం మీద అయిదింటికి మూడున్నర ఇస్తాను: నమ్మకానికి పూర్తి మార్కులు, వెతుక్కునే సౌలభ్యానికి బొటాబొటి మార్కులు. పాత ఫలితాలు కావలసినవారికి ఒక సూచన. 2023లో కంబ్రియాలో ఆరు, నార్త్ యార్క్‌షైర్‌లో ఏడు, సోమర్‌సెట్‌లో నాలుగు జిల్లా కౌన్సిళ్లు రద్దయి, వాటి స్థానంలో కౌంటీ, జిల్లా పనులు రెండూ ఒక్కటే చూసుకునే ఏకాంచె కౌన్సిళ్లు వచ్చాయి. మిగిలిన రెండంచెల ప్రాంతాల్లోనూ ఇదే మార్పు తేవాలని 2024 డిసెంబర్‌లో బ్రిటన్ ప్రభుత్వం శ్వేతపత్రం ప్రకటించింది. కౌన్సిల్ రద్దయితే దాని వెబ్‌సైట్ చిరునామా ఎంతకాలం పనిచేస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. మీ పిల్లలు ఉంటున్న వార్డు పేజీ మీకు కావాలనుకుంటే, లింకు దాచుకోవడం కాకుండా పేజీనే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.