పగటి పూట ఏ లైటు మేలు: డీఆర్‌ఎల్, లో బీమ్, ఆటో?

కారు లైట్లకు రెండు పనులు. మనకు దారి చూపించడం ఒకటి, మన కారు ఎదుటివాళ్ల కంట పడేలా చేయడం ఇంకొకటి. పగలు మొదటిదాంతో పని లేదు, రెండోది మాత్రం ఎప్పుడూ కావాలి. చెట్ల నీడలో వచ్చే ముదురు రంగు కారు ఎంత ఆలస్యంగా కనిపిస్తుందో ఓవర్‌టేక్ చేయబోయి ఆగిన ప్రతి డ్రైవరుకూ తెలుసు.

దీనికి మూడు దారులున్నాయి. బండి స్టార్ట్ చేయగానే వెలిగే డీఆర్‌ఎల్‌లను, అంటే పగటి లైట్లను (డేటైమ్ రన్నింగ్ లైట్లు) నమ్ముకోవడం, పగలు కూడా లో బీమ్, అంటే కిందికి వాలిన హెడ్‌లైటు వేసి నడపడం, వెలుతురును బట్టి కారే లైట్లు వేసుకునేలా స్విచ్‌ను ఆటోలో పెట్టి వదిలేయడం.

ముందు పుట్టింది లో బీమ్ పద్ధతే. స్వీడన్‌లో 1977 నుంచి పగలైనా లైట్లు వేసే నడపాలి. కెనడా 1989 డిసెంబరు నుంచి తయారయ్యే కొత్త బళ్లన్నిటికీ పగటి లైట్లు తప్పనిసరి చేసింది. అక్కడ కొన్ని కార్లలో హై బీమ్‌నే తక్కువ వోల్టేజీతో మసకగా వెలిగించేవారు. యూరోపియన్ యూనియన్ 2011 ఫిబ్రవరి నుంచి కొత్త కారు మోడళ్లకు డీఆర్‌ఎల్ ఉండాలంది.

లో బీమ్‌తోనే పని జరుగుతుంటే ప్రత్యేకంగా ఇంకో లైటు ఎందుకు? జవాబు బల్బులోనే ఉంది. హెచ్4 హాలోజన్ బల్బును దగ్గరగా చూడండి. లోపల వెలిగే సన్నని తీగలు, అంటే ఫిలమెంట్లు, రెండుంటాయి, 60 వాట్లది హై బీమ్‌కు, 55 వాట్లది లో బీమ్‌కు. లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న గిన్నెలాంటి లోహపు రేకు ఉంటుంది. కిందికి వెళ్లే వెలుగును అది ఆపేస్తుంది. కాబట్టి వెనక అద్దంలా ఉండే రిఫ్లెక్టర్ పై సగానికే వెలుగు తగులుతుంది, అక్కడి నుంచి రోడ్డు మీదికి దిగుతుంది. గోడ ముందు లైటు వేస్తే గీత గీసినట్టు పైన చీకటి, కింద వెలుగు కనిపించేది అందుకే. ప్రొజెక్టర్ లైట్లలోనూ, ఎల్‌ఈడీల్లోనూ అమరిక వేరు, ఆ గీత మాత్రం అలాగే ఉంటుంది.

అంటే ఎదుటి డ్రైవరు కంట్లో పడకుండా ఉండాలనే లో బీమ్‌ను తయారుచేశారు. రాత్రికి అది వరం. పగలు కనిపించడానికి మాత్రం అదే అడ్డు. డీఆర్‌ఎల్ సరిగ్గా దీనికి తిరగేసిన లైటు. రోడ్డును వదిలేసి నేరుగా ముందుకు వెలుగుతుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల ప్రకారం నేరుగా ముందుకు దాని తీవ్రత 400 క్యాండెలాలకు (ఒక దిశలో వెలుగు ఎంత బలంగా ఉందో చెప్పే కొలమానం) తగ్గకూడదు, ఏ దిశలోనూ 1200 దాటకూడదు. అంత వెలుగు రాత్రి కళ్లకు గుచ్చుకుంటుంది కాబట్టి, హెడ్‌లైట్లు వేయగానే అది ఆరిపోవాలి, లేదా పార్కింగ్ లైటంత మసకగా మారిపోవాలి. బయట దొరికే ఎల్‌ఈడీ పట్టీలు తెచ్చి బిగించుకునేవాళ్లు ఈ సంగతే పట్టించుకోరు. రాత్రంతా అవి అదే జోరుతో వెలుగుతుంటే ఎదుటివాళ్ల పాట్లు చెప్పనలవి కాదు.

కరెంటు లెక్క కూడా డీఆర్‌ఎల్ వైపే మొగ్గుతుంది. హాలోజన్ లో బీమ్ రెండు వైపులా కలిపి 110 వాట్లు, దానితోపాటు టెయిల్ లైట్లు, నంబరు ప్లేటు లైటు. కారులో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఆ కరెంటంతా ఇంజను నుంచే, అంటే ఇంధనం నుంచే తీస్తుంది. బల్బు ఆయుష్షు కూడా పగటిపూటే కరిగిపోతుంది. హెడ్‌లైట్లు ఎల్‌ఈడీవైతే ఈ తేడా బాగా తగ్గుతుంది.

ఇంతవరకూ డీఆర్‌ఎల్‌దే పైచేయి. కానీ కారు వెనక్కి వెళ్లి చూడండి. చాలా కార్లలో డీఆర్‌ఎల్ వెలిగినప్పుడు టెయిల్ లైట్లు వెలగవు. లోపల డాష్‌బోర్డు ధగధగా వెలుగుతుంటుంది, ముందు రోడ్డు మీద కాస్త కాంతి పడుతుంటుంది, దాంతో లైట్లు వేసే ఉన్నాయనుకుంటాం. మసక చీకట్లో వెనక నుంచి వచ్చే లారీకి మాత్రం మన కారు నల్లటి ముద్ద. ఈ ప్రమాదం వల్లే కెనడా 2021 సెప్టెంబరు నుంచి కొత్త నిబంధన తెచ్చింది: డీఆర్‌ఎల్‌తో పాటే టెయిల్ లైట్లు వెలగాలి, లేదా చీకటి పడితే అన్ని లైట్లూ వాటంతటవే వెలగాలి, అదీ కాకపోతే డాష్‌బోర్డు చీకటిగా ఉండి డ్రైవరుకు తెలియజేయాలి.

మరి ఆటో? ముందు అద్దం మీద, లోపలి మిర్రర్ వెనకాల ఉండే సెన్సర్ బయటి వెలుగును కొలుస్తుంది. ఐక్యరాజ్యసమితి నిబంధనల్లో బయటి వెలుతురు 1000 లక్స్ (వెలుతురు కొలమానం) కంటే తగ్గితే రెండు సెకన్లలోపు లో బీమ్ వెలగాలి, 7000 దాటితే ఆరిపోవాలి. మధ్యలో ఏం చేయాలన్నది కంపెనీ ఇష్టం. సొరంగాల్లోనూ, సాయంత్రాలూ ఇది మన చెయ్యి కంటే చురుకైనది. పొగమంచులో మాత్రం మోసపోతుంది. పగటి మంచు తెల్లగా ఉంటుంది, సెన్సర్ లెక్కలో అది వెలుతురే. ముందున్న బండి కనిపించడం లేదన్న సంగతి దానికి తెలియదు. వానకూ అంతే, వైపర్లతో లైట్లను ముడిపెట్టిన కార్లలో తప్ప.

అందుకే నా తీర్పు ఒక్కదానికే కట్టుబడదు. ఎండ బాగా ఉన్న పగలు డీఆర్‌ఎల్ చాలు, దాన్ని ఆపేయకండి. స్విచ్ ఎప్పుడూ ఆటోలోనే ఉంచండి. వాన, మంచు, దుమ్ము కమ్మితే ఆలోచించకుండా చేత్తో లో బీమ్ వేయండి. హై బీమ్ వద్దు, మంచు బిందువుల మీద పడి మన కళ్లలోకే తిరిగొస్తుంది. వేశారో లేదో అనుమానం వస్తే డాష్‌బోర్డులో ఆకుపచ్చ దీపం గుర్తు చూడండి. దాని గీతలు కిందికి వాలి ఉంటే లో బీమ్ వెలిగినట్టే, వెనక టెయిల్ లైట్లు కూడా వెలిగినట్టే.